ఎడమచేతి అలుకు

1969లో ఫ్యాక్టరీ చెరుకు ఆడుతున్న రోజుల్లోనే యూనివర్సిటీ మూతపడింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం హైదరాబాదు దాటి మా జిల్లా దాకా వచ్చింది. నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో టీచర్ని. మా బడికీ తాళం పడింది. జనవరి ఆఖరున, హైదరాబాదులో ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేస్తున్న తమ్ముడు ఆత్మారాం ఇంటికి వచ్చాడు. వెంట రెండు పెట్టెలు తెచ్చాడు. ఇనుప పెట్టెలో మైక్రోస్కోప్ ఉంది. చెక్క పెట్టెను మాత్రం రైల్లోనూ, స్టేషన్ నుంచి బాపు బండిలోనూ ఒళ్లోంచి దించలేదు.

"నిమ్మళంగ దించుతున్నవ్, గుడ్లు తెచ్చినవా కొడుకా?" అంది అవ్వ. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం.

"అద్దం పలకలు అవ్వా. పగిల్తే మల్ల దొర్కయి."

"బోధన్ల అద్దాలు దొర్కయా?"

"గిసొంటివి దొర్కయి."

మా ఇల్లు ఊరి చివర, ఫ్యాక్టరీ చిమ్నీ కనబడే చోట ఉండేది. మూడు గదులు, మా మాటలో అర్రలు. నడిమి అర్రకు ఒకటే కిటికీ. ఆత్మారాం ఆ అర్ర అడిగాడు. బాపు అందులోని ఎరువు బస్తాలు తీసి ముందటి అర్రలో వేశాడు. బాపు పేరు రాజలింగు. చెరుకు రైతు. ఆ సాయంత్రం బండి విప్పి వచ్చి, గడప మీద కూచుని అడిగాడు.

"గిండ్ల ఏం జూస్తవ్‌రా?"

"బిస్మత్ అని ఒక లోహం ఉంటది బాపు. సీసం లెక్క బరువు. బయటి దేశంల పెద్ద మిషిన్ల దాన్ని కొట్టి ఇంకో లోహం జేసిండ్రు. పొలోనియం అంటరు. మామూలు పొలోనియంల ఉండేటన్ని న్యూట్రాన్లు దీంట్ల లేవు. గందుకే నిలవదు. లోపట్నుంచి చిన్న ముక్క ఇసిరేస్తది. గా ముక్క పేరు ఆల్ఫా."

"ఇసిరితే?"

"అద్దం మీద జిగురు పూత ఉంది. ముక్క అండ్లకు దూరి ఆగిపోతది. పోయిన కాడికి నల్ల గీత పడ్తది. గీత పొడుగు కొలిస్తే ఎంత జోరుతోని ఇసిరిందో ఎర్కైతది."

"ఎంత పొడుగుంటది?"

"ఎంటిక మందంల మూడోవంతు."

"గంత దానికి గింత పెట్టె," అన్నాడు బాపు. లేచి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

ఆత్మారాం అవ్వకు ఒకే షరతు పెట్టాడు. ఆ అర్రలో దుమ్ము ఉండొద్దు. చీపురు పెడితే దుమ్ము లేస్తుంది కాబట్టి చీపురు పెట్టొద్దు. చిమ్నీ మసి లోపలికి రాకుండా కిటికీ తెరవొద్దు.

"ఊడ్వకుంట ఇల్లెట్లుంటదిరా?" అంది అవ్వ.

"నువ్వేం జేస్తవో నాకు తెల్వదు. చీపురు మాత్రం వద్దు."

అవ్వ పేరు అంజవ్వ. ఆమె ఒక రాత్రి ఆలోచించింది. పొద్దున నేను లేచేసరికి నడిమి అర్రను ఎడ్ల పెండతో, ఎర్రమన్నుతో అలికేసింది. మిగతా ఇల్లు శుక్రవారం ఒక్కనాడే అలికేది. నడిమి అర్రను మంగళవారం కూడా అలకడం మొదలుపెట్టింది.

"తడి మన్ను లేస్తదా?" అని అడిగింది కొడుకును.

"లేవదు. మంచిగ జేసినవ్," అన్నాడు వాడు.

అవ్వది ఎడమచెయ్యి వాటం. చిన్నప్పుడు కొట్టి కుడిచేత్తో తినడం నేర్పారు. మిగిలిన పనులన్నీ ఎడమచేత్తోనే చేసేది. అలికినప్పుడు నేల మీద వేళ్ల గుర్తులు వంపులు వంపులుగా పడతాయి. అందరి ఇళ్లలో అవి ఒక దిక్కుకు తిరిగి ఉంటే మా ఇంట్లో రెండో దిక్కుకు ఉండేవి. పక్కింటి అక్తరున్నీసా దీని మీద అవ్వను వదిలిపెట్టేది కాదు.

"అంజవ్వా, నువ్వు ఇల్లును ఉర్దూ లెక్క రాస్తవ్. ఉల్టా దిక్కు నుంచి. రాజలింగన్న సదువుతడా మరి?"

"గాయిన సీదా రాసిందే సదువడు," అనేది అవ్వ.

పని ఇలా సాగేది. మైక్రోస్కోప్ దగ్గర నేను కూచునేదాన్ని. గీత ఎంత పొడుగుందో, పూతలోకి ఎంత లోతు దిగిందో చదివి చెప్పేదాన్ని. ఆత్మారాం రాసుకుని రెండూ కలిపి అసలు పొడుగు లెక్క కట్టేవాడు. మొదట కొన్ని రోజులు నాకు గీతకూ మురికికీ తేడా తెలియలేదు. తర్వాత తెలిసింది. లోతు లెక్కకు పూత మందం తెలియాలి. దాన్ని వాడు హైదరాబాదులో, చల్లటి గదిలో, ఒకసారి కొలిచి తెచ్చుకున్నాడు.

ఫిబ్రవరి గడిచేసరికి గీతలు రెండు గుంపులుగా తేలాయి. ఎక్కువ భాగం అనుకున్న పొడుగే ఉన్నాయి. కొన్ని అంతకంటే ఒక మైక్రాన్ పొడుగు వచ్చాయి. వాడు గ్రాఫ్ గీశాడు. ఒక పెద్ద గుట్ట, దాని పక్కన ఒక చిన్న గుట్ట.

"రెండోది ఏంది?" అన్నాను.

"నిజమే అయితే, గీ పొలోనియం రెండు తీర్ల జోరుతోని ఇసురుతుంది. గీ సంగతి ఇంకెవ్వరు చెప్పలే."

"నిజం కాకపోతే?"

"కొలుద్దాం అక్కా. ఇంకా కొలుద్దాం."

మార్చి మొదటి వారంలో వాడి గైడ్ అయ్యూబ్ సాబ్ వచ్చాడు. రైళ్లు ఏ రోజు నడుస్తాయో, ఏ రోజు ఆగుతాయో తెలియని కాలం. అయినా వచ్చాడు. ఆ రోజు శుక్రవారం. గ్రాఫ్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తానే మైక్రోస్కోప్ దగ్గర కూచుని గీతలు కొలిచాడు. ఆయనకూ పొడుగువి దొరికాయి.

"ఆత్మారాం, ఇది పక్కా చేస్తే బొంబాయి ల్యాబ్‌లో నీకు జాగా ఖాయం. నేను మాట్లాడతా. డాక్టరేట్ ఫికర్ వదిలెయ్. ముందు జర్నల్‌కు ఒక చిన్న నోటు పంపుదాం. ప్రూఫులు వచ్చేలోపు మిగిలిన ప్లేట్లు చూసెయ్. అంకెలు పెంచుదాం."

అవ్వ ఆయనకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆయన నేల మీదే కూచుని తిన్నాడు.

"బయట ఇంత ఎండ, లోపల ఇంత చల్లగా ఉందమ్మా," అన్నాడు.

"పొద్దుగాల్నే అలికిన సారూ."

"అచ్ఛా," అని ఆయన ఇంకో రొట్టె అడిగాడు.

బొంబాయి మాట విన్నాక బాపు ఆత్మారాంను పొలానికి రమ్మనలేదు. అవ్వ వాడి గ్లాసు ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ చిన్న గుట్ట నిలబడితే వాడి డాక్టరేటూ, ఉద్యోగమూ నిలబడతాయని ఇంట్లో అందరికీ తెలుసు. అక్తరున్నీసాకు కూడా తెలుసు. గోడ అవతల నుంచి అడిగేది, "రాధా, గుట్ట పెరిగిందా?"

మార్చి నడుమ ఒక ప్లేటు పగిలింది. మైక్రోస్కోప్ కోసం దాని మీద వేసిన నూనెను ఆత్మారాం తుడుస్తుంటే చేతిలోంచి జారింది. సోమవారం. వాడు అరిచిన అరుపుకు అవ్వ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తి వచ్చింది. చేతిలో చీపురు ఉంది.

"చీపురు వద్దన్న గదా!" అన్నాడు.

అవ్వ చీపురు గడప బయట పడేసింది. మోకాళ్ల మీద వంగి అద్దం ముక్కలను చేత్తో ఏరింది. వాడు చెప్పులు లేకుండా తిరుగుతాడని, కంటికి ఆనని ముక్కల కోసం నేలను అరచేత్తో తడిమింది. ఎడమ అరచెయ్యి తెగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. మర్నాడు మంగళవారం. గుడ్డ విప్పి నడిమి అర్రను అలికింది.

"చెయ్యి మానినంక అలుకు అవ్వా," అన్నాను.

"గీతంత తెగింది. గంతదానికి పని ఆపుతమా?"

ఆ శుక్రవారమూ అలికింది. తర్వాతి వారం రొట్టె నమలలేకపోయింది. దవడ పట్టుకుందని వాము కాచి కాపడం పెట్టుకుంది. మర్నాటికి నోరు తెరుచుకోలేదు. సాయంత్రం వీపు బిగిసి నేల నుంచి పైకి లేచింది. నేను పట్టుకుంటే కట్టెను పట్టుకున్నట్టు ఉంది.

ఆ రోజు బంద్. బస్సులు లేవు. అక్తరున్నీసా భర్త రఫీక్ లారీ డ్రైవర్. లారీలో గడ్డి పరిచి అవ్వను పడుకోబెట్టాం. దారిలో ఒకచోట పిల్లలు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి కూచున్నారు. ఒకడు లారీ ఎక్కి చూశాడు. కిందికి దూకి రాళ్లు తీయడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్లూ తీశారు.

నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టరు ధనుర్వాతం అన్నాడు. సూది ఇచ్చాడు. ఆలస్యమైందని కూడా చెప్పాడు. తర్వాత అడిగాడు.

"ఈ మధ్య ఎక్కడన్నా తెగిందా?"

"చెయ్యి తెగింది. అద్దంతోని," అన్నాడు ఆత్మారాం.

"దాని మీద మట్టి, పెండ లాంటివి తగిలాయా?"

ఆత్మారాం నా వైపు చూశాడు. తర్వాత డాక్టరు వైపు చూశాడు.

"ఇల్లు అలికింది," అన్నాడు.

చప్పుడు కాకూడదని, వెలుగు తగలకూడదని అవ్వను చీకటి గదిలో పెట్టారు. మూడోరోజు పొద్దున పోయింది. చివరిదాకా తెలివిలోనే ఉంది. పళ్ల సందుల నుంచి ఒకసారి నన్ను పిలిచింది. ఏం చెప్పాలనుకుందో తెలియలేదు.

కర్మ నాడు వాడకట్టు ఆడవాళ్లు వచ్చి ఇల్లంతా అలికారు. నడిమి అర్ర దగ్గరికి వచ్చేసరికి బాపు గడపలో నిలబడి ఉన్నాడు.

"గీ అర్ర వద్దు," అన్నాడు.

"మైల పోవాలె గద రాజలింగన్నా," అంది ఒకామె.

"వద్దన్న గద."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెనక్కి తగ్గారు. నేను లోపలికి చూశాను. గోడల వెంబడి, కిటికీ కింద, అవ్వ ఆఖరిసారి అలికిన వంపులు అలాగే ఉన్నాయి. ఎండి తెల్లబడ్డాయి. ప్రతి వంపులో నాలుగు వేళ్లు లెక్కపెట్టొచ్చు. బాపు ఆ గడప మీద మంచం వేసుకున్నాడు.

"మీ పని మీరు చేసుకోండ్రి. అలుకకుండ్రి. గంతే," అన్నాడు మాతో.

గోడ వార తొక్కకుండా ఆత్మారాం గడప నుంచి బల్ల దాకా గోనె సంచులు పరిచాడు. ఏప్రిల్‌లో మళ్లీ పని మొదలైంది. ప్రూఫులు వచ్చే వేళయింది. మిగిలిన ప్లేట్లు తీశాం. నేను చదివాను, వాడు రాశాడు. పొడుగు గీతలు రాలేదు. ఇంకో ప్లేటు తీశాం. రాలేదు. వాడు నన్ను లేపి తానే కూచున్నాడు. వాడికీ రాలేదు. గ్రాఫ్ మీద పెద్ద గుట్ట పెరుగుతూ పోయింది. చిన్న గుట్ట ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

అయ్యూబ్ సాబ్ పరామర్శకు వచ్చాడు. బాపు పక్కన మంచం మీద కాసేపు కూచున్నాడు. తర్వాత లోపలికి వచ్చి కొత్త అంకెలు చూశాడు. నేను చాయ్ తెచ్చేసరికి ఆయన గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"చూడు బేటా, ఇంట్లో మౌత్ అయింది, అమ్మ పోయింది. మీ అక్క కళ్లు చూశావా? ఏడ్చి ఏడ్చి ఎర్రగా ఉన్నాయి. ఈ కొలతలు తీసెయ్. ముందువి ఉన్నాయి కదా, అవి నేను కూడా స్వయంగా చూశాను. నోటు అచ్చు కానీ. తర్వాత తీరిగ్గా చూసుకుందాం."

"కొన్ని నేను గూడ కొలిచిన సార్."

"నీ కళ్లు మాత్రం బాగున్నాయా?"

 అయ్యూబ్ సాబ్ చెడ్డవాడు కాదు. అది దుఃఖం వల్ల వచ్చిన తప్పే అని నమ్మాడు. నేనూ కొంత నమ్మాను. ఆ రాత్రి కళ్లు చన్నీళ్లతో కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున ఆయన రైలెక్కాక మళ్లీ కూచున్నాం. లెన్స్ మీద దుమ్ము పడుతోంది. తుడిచాను. మళ్లీ పడింది. అడుగు తీసి అడుగు వేస్తే నేల పొడి లేస్తోంది.

"అవ్వ ఉన్నప్పుడు గింత దుమ్ము లేకుండె. వారంల రెండు మాట్ల అలికేది. తడారకపోయేది అర్ర," అన్నాను.

నేను ఇంకో గీత చదివాను. వాడు రాయలేదు. తలెత్తి చూస్తే పెన్సిల్ పట్టుకుని నేల వైపు చూస్తున్నాడు.

"మళ్ల చెప్పాలా?" అన్నాను.

"వద్దు." మైక్రోస్కోప్ కింది ప్లేటును చూపించాడు. "పూత జిగురుది అక్కా."

"అయితే?"

"తడికి జిగురు ఉబ్బుతది. మందం పెరుగుతది. నేను మందం హైదరాబాదుల కొలిచిన. ఇక్కడ కొలువలే."

వాడు లేచి వెళ్లి కిటికీ రెక్కను చేత్తో నొక్కి చూశాడు. అది మూసే ఉంది, తడి బయటికి పోయే దారి లేదు. తిరిగి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఒక్కసారి అలికి సూడాలె," అన్నాడు.

గడప మీద బాపు ఉన్నాడు. అంతా విన్నాడు.

"బకెట్ల నీళ్లు పెట్టినా సరిపోతదేమో," అన్నాను నేను.

"సరిపోదు. గట్ల చూస్తే నేను నమ్మ. సారు నమ్మడు. అవ్వ ఎట్ల జేసిందో గట్లనే జెయ్యాలె. అర్రంత."

"అర్రంత అంటే గా గోడ పొంటి గూడ," అన్నాడు బాపు.

"అవు బాపు."

"జెయ్యకపోతే ఏమైతది?"

"నోటు అచ్చైతది. బొంబాయి పోత."

"జేస్తే?"

"రెండో గుట్ట ఉన్నదో లేదో ఎర్కైతది."

బాపు కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. పొలానికి పోయాడనుకున్నాం. కొట్టంలోంచి పెండ బకెట్‌లో తెచ్చి గడప దగ్గర పెట్టాడు. ఎర్రమన్ను కూడా తెచ్చాడు. మంచం ఎత్తి గోడకు ఆనించాడు.

"అలుకు బిడ్డా," అన్నాడు.

అలికేముందు ఆత్మారాం కొన్ని గీతలు ఎంచుకున్నాడు. వాటిని కొలిచి రాసుకున్నాం. గోనె సంచులు తీశాం. నేను కిటికీ కింద మొదలుపెట్టాను. తడి చెయ్యి తగలగానే అవ్వ వంపులు నల్లబడ్డాయి, తర్వాత కలిసిపోయాయి. మూలలో ఒకచోట బొటనవేలి గుర్తు ఒకటి లోతుగా ఉంది. దాని దగ్గర ఆగాను. వెనక్కి చూశాను. బాపు అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆపమనలేదు. నేను దాన్నీ అలికాను.

తలుపు దగ్గరకు వేసి ఆగాం. తర్వాత చేతులు కడుక్కుని మైక్రోస్కోప్ దగ్గర కూచున్నాను. పొద్దున కొలిచిన గీతలనే మళ్లీ కొలిచాం. అద్దానికి సమంగా పడుకున్నవి పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే. పూతలోకి ఏటవాలుగా దిగినవి పెరిగాయి. ఒక్కొక్కటి అంకె చెబుతుంటే ఆత్మారాం రాసుకుంటూ పోయాడు. సగంలో పెన్సిల్ కింద పెట్టాడు.

"ఇంకా ఉన్నయి," అన్నాను.

"చాలక్కా."

బాపు గడప అవతల నుంచి అడిగాడు. "పెరిగినయా?"

"పెరిగినయి బాపు."

"అంటే గా లోహం..."

"లోహం ఏం జెయ్యలే. తడికి పూత ఉబ్బింది. ఉబ్బితే నా లెక్కల గీత పొడుగైంది. రెండో గుట్ట లేదు."

బాపు కొంతసేపు లెక్క వేసుకున్నాడు.

"అయితే మీ అవ్వ అలికిన దినాలే నీకు కానొచ్చినయి."

"అవు బాపు."

 బాపు బండి కట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు. ఆ ఏటి చెరుకులో మాది అదే చివరి బండి. రెండు రోజులకు చిమ్నీ పొగ ఆగిపోయింది.

ఆత్మారాం అయ్యూబ్ సాబ్‌కు టెలిగ్రాం ఇచ్చాడు. ఆయన నోటు వెనక్కి తీసుకున్నాడు. ఆత్మారాంను ఒక్క మాట అనలేదు. ఉన్న ఒక్క గుట్టతోనే డాక్టరేట్ రాయవచ్చని, పూత మందం ఏ రోజుకారోజు కొలిస్తే చాలని కబురు పెట్టాడు. యూనివర్సిటీ తెరిచాక వాడు పోలేదు. మైక్రోస్కోప్‌నూ, ప్లేట్లనూ రఫీక్‌తో కలిసి నేనే హైదరాబాదుకు చేర్చి వచ్చాను. ప్లేట్ల పెట్టెలో ఒక అర ఖాళీగా ఉంది.

ఆత్మారాం ఇప్పుడు రుద్రూర్ వ్యవసాయ ఫారంలో చెరుకు రసంలో తీపి కొలిచే పనిలో ఉన్నాడు. రసం ముట్టుకునే ముందు గాలిలో తేమ ఎంతుందో చూసి రాస్తాడట. రసానికి తేమతో పనేముందని అక్కడివాళ్లు నవ్వుతారని వాడే చెప్పాడు. అవ్వ గురించి మా ఇద్దరి మధ్య మాట రాదు. ఇంటికి వస్తే నడిమి అర్రలో పడుకోడు.

ఆ అర్రను ఇప్పటికీ మంగళవారం, శుక్రవారం నేను అలుకుతాను. కిటికీ తెరిచే ఉంటుంది. ఒకసారి, ఆమె పోయిన ఏడాదికి, కిటికీ కింద ఎడమచేత్తో అలికి చూశాను. వంపు సరిగా రాలేదు. మళ్లీ వేశాను. బాపు గడప దాటుతూ ఆగి, కాసేపు చూశాడు.

"వద్దు బిడ్డా," అన్నాడు. "నీ చేత్తోనే అలుకు."

నేను ఆ రెండు వంపులను కుడిచేత్తో కలిపేశాను.